ఒక షాదీ క్యాసెట్ తారీఖ్

"బేటా, మీ ఆపా షాదీ క్యాసెట్‌ని డీవీడీ చేసి పెట్టవా?" అని అమ్మీ అడిగింది. ఆపా కూతురికి నిస్బత్ ఖాయమైన వారం అది. మనవరాలి షాదీకి ముందు బిడ్డ షాదీ ఒకసారి చూసుకోవాలని అమ్మీ తమన్నా. ఫోన్‌లో చూపిస్తానంటే ఒప్పుకోలేదు. ఫోన్ స్క్రీన్ అమ్మీ కళ్లకు ఆనదు. డీవీడీ ప్లేయర్ రిమోట్ అయితే ఏ బటన్ ఎక్కడుందో చూడకుండా నొక్కుతుంది.

ఒక్క ఇత్వారం పని అనుకున్నా. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో క్యాసెట్లు, డిస్కులు, ఫార్మాట్ల గురించి చదివిందీ, చేసి చెడగొట్టి నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే ఇలాంటి క్యాసెట్ ఒకటి మీ ఇంటి అల్మారాలో కూడా ఉండే ఉంటుంది. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. మన ఇళ్లల్లో ఆ రెండూ ఒకే నల్ల డబ్బాలో చుట్టుకుని ఉన్నాయి.

1990 ఫిబ్రవరిలో నిజామాబాద్‌లో ఆపా షాదీ జరిగింది. అబ్బా అప్పుడు రియాద్‌లో పని చేస్తున్నాడు. చుట్టీ దొరకలేదు. నికాకు చాచా వలీగా కూర్చున్నాడు. "ఆయన రాలేకపోయినా ఆయన కళ్లు రావాలి" అని అమ్మీ పట్టుబట్టి వీడియో తీయించింది. భుజం మీద పెద్ద కెమెరా, పక్కన హాలోజెన్ లైటు పట్టుకున్న పిల్లాడు, ఆ లైటు వేడికి చెమటలు కారుతున్న దుల్హన్. సాంచక్, మెహందీ, నికా, జల్వా, రుఖ్సతీ, అన్నీ కలిపి ఒకే క్యాసెట్, ఈ-180. అంటే మూడు గంటలు. మొహల్లా నుంచి రియాద్ వెళ్తున్న ఒకాయన సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్లి అబ్బాకు ఇచ్చాడు. అబ్బా తన బిడ్డ షాదీని అలా చూశాడు. తర్వాత ఆరేళ్లు అక్కడే ఉన్నాడు. ఎన్నిసార్లు చూశాడో మాకెవరికీ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు ఆ క్యాసెట్‌ని దస్తీలో చుట్టి తెచ్చాడు.

ఇంటికి అందేలోపు ఈ టేపు చాలా దూరం నడిచింది. 1956లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ టీవీ స్టేషన్లకు పనికొచ్చే మొదటి వీడియో టేప్ రికార్డర్‌ను చూపించింది. టేపు వెడల్పే రెండు అంగుళాలు, మెషీన్ బీరువాలంత. అది ఇళ్లకు వచ్చేసరికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 1975లో సోనీ బీటామ్యాక్స్ తెచ్చింది. 1976లో జేవీసీ కంపెనీ వీహెచ్‌ఎస్ తెచ్చింది. బొమ్మ బీటామ్యాక్స్‌దే కాస్త మెరుగని అనేవాళ్లు. కానీ మొదట్లో దాని క్యాసెట్ గంటే నడిచేది, వీహెచ్‌ఎస్ రెండు గంటలు నడిచింది. ఒక సినిమా ఒకే క్యాసెట్‌లో పట్టాలన్నది జనం కోరిక. చివరికి వీహెచ్‌ఎస్ నిలిచింది. నాణ్యానికీ నిడివికీ మధ్య ఏదో ఒకటి వదులుకోవడం అక్కడే మొదలైంది. ఈ కథలో అది చివరిదాకా వస్తుంది.

మన దేశంలో 1982 ఏషియన్ గేమ్స్‌తో కలర్ టీవీ వచ్చింది. ఆ జమానాలో గల్ఫ్ నుంచి చుట్టీ మీద వచ్చేవాళ్ల సామానులో అత్తరు సీసా, జానిమాజ్, కంబళితో పాటు వీసీఆర్ కూడా దిగేది. అద్దెకు వీసీఆర్ తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు చూసిన రోజులు మీకూ యాద్ ఉండే ఉంటాయి. అప్పటిదాకా పరదేశానికి ఖత్ వెళ్లేది, తర్వాత గొంతు రికార్డు చేసిన ఆడియో క్యాసెట్ వెళ్లింది, ఆ తర్వాత షాదీ వీడియో వెళ్లింది.

ఇప్పుడు ఆ టేపు లోపల ఏముందో చూద్దాం. మన దేశం వాడింది పాల్ పద్ధతి. సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు. వాటిలో తెర మీద కనబడేవి 576. ఒక్కో బొమ్మా రెండు సగాలుగా వస్తుంది. ముందు ఒక వరుస విడిచి ఒక వరుస, తర్వాత మిగిలిన వరుసలు. ఈ సగాన్ని ఫీల్డ్ అంటారు. అంటే సెకనుకు 50 వేర్వేరు క్షణాలు. దుల్హన్ గాజుల చేయి కదిలితే ఆ కదలిక 50 సార్లు నమోదైంది. నిలువులో 576 గీతలూ టేపు మీద ఉంటాయి. అడ్డంగా మాత్రం వీహెచ్‌ఎస్ బలహీనం. సుమారు 240 గీతల వివరం మాత్రమే పట్టుకుంటుంది. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతి, 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. రియాద్‌లో అబ్బా గదిలో ఉన్నది అన్నీ ఆడించే మల్టీ సిస్టమ్ వీసీఆర్. అందుకే మన పాల్ క్యాసెట్ అక్కడ ఆడింది.

ఇక మా మొదటి తప్పు. 2008లో ఈ క్యాసెట్‌ని ఒక షాపులో ఇచ్చి "డిస్క్ చేయండి" అన్నాను. ఏ ఫార్మాట్‌లో అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. మూడు డిస్కులు చేతికొచ్చాయి. అవి డీవీడీలనే ఏళ్ల తరబడి అనుకున్నాం. "ఇక ఈ క్యాసెట్ ఎందుకు, పారేయండి" అని కూడా అన్నాడు. అబ్బా ఆ మాట వినలేదు. క్యాసెట్ తీసుకుని, మళ్లీ అదే దస్తీలో చుట్టి, అల్మారాలో తన పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకున్నాడు.

అవి వీసీడీలు. 1993లో వచ్చిన వీడియో సీడీ కొలతలు పాల్‌లో 352×288. అంటే 576 గీతల్లో సగమే. రెండు ఫీల్డుల్లో ఒకదాన్ని అసలు తీసుకోదు. 50 క్షణాల్లో 25 పోయినట్టే. దాని వీడియోకు దొరికేది సెకనుకు 1.15 మెగాబిట్లు మాత్రమే. 74 నిమిషాలు ఒక సీడీలో ఇరికించాలి మరి. మూడు గంటల షాదీకి మూడు డిస్కులు అందుకే వచ్చాయి. జల్వా దగ్గర జరీ దుపట్టా మెరుపు చిన్న చిన్న చదరాలుగా విరిగిపోయింది. రుఖ్సతీలో ముఖాలు మైనంలా కరిగాయి. "పాత క్యాసెట్ కదా, అంతే" అని సర్దుకున్నాం. కసూర్ క్యాసెట్‌ది కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మరి ఎందుకు ఇంతగా కుదించాలి? లెక్క చూడండి. 720×576 బొమ్మను కుదించకుండా, టీవీ స్టూడియోలు వాడే మామూలు పద్ధతిలో కంప్యూటర్‌లోకి తీసుకుంటే సెకనుకు 20 మెగాబైట్లు దాటుతుంది. గంటకు దాదాపు 75 గిగాబైట్లు. మా మూడు గంటల షాదీకి 220 గిగాబైట్లపైన. డీవీడీలో పట్టేది 4.7. మధ్యలో ఎవరో ఏదో తీసేయాల్సిందే.

ఎలా తీయాలో దారి చూపిన వాళ్లలో పెద్ద పేరు నసీర్ అహ్మద్. 1940లో బెంగళూరులో పుట్టి, అక్కడే ఇంజినీరింగ్ చదివి, అమెరికా వెళ్లి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. 1972లో తన ఆలోచనను అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు పంపి పైకం అడిగితే ఇవ్వలేదు. ఆయన పని ఆపలేదు. 1974 జనవరిలో టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతిని ప్రచురించాడు. పొట్టిగా డీసీటీ. ఫోన్‌లో వచ్చే జేపెగ్ ఫోటో, వీసీడీ, డీవీడీ, డీవీ క్యామ్‌కార్డర్ టేపు, అన్నింటి పునాదీ అదే. మన ఇళ్లల్లో ఎన్ని షాదీ డిస్కులున్నాయో అన్నింటిలో ఆ మనిషి లెక్క ఉంది. మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

డీసీటీ చేసే పని దర్జీ భాషలో చెబుతా. బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో మోటు వివరం ఎంత, సన్న వివరం ఎంత అని కొలుస్తుంది. కొలత వల్ల గుడ్డకు నష్టం లేదు. తర్వాత వచ్చేది కత్తెర. కంటికి పెద్దగా ఆనని సన్న వివరాన్ని ఎంత కత్తిరించాలో ఫార్మాట్ తేలుస్తుంది. బిట్లు తక్కువ ఇస్తే కత్తెర లోతుగా దిగుతుంది. అప్పుడు ఆ గళ్లే తెర మీద చదరాలుగా బయటపడతాయి. మా వీసీడీలో దుపట్టా మీద కనిపించినవి అవే.

1988లో మొదలైన ఎంపెగ్ బృందం దీనికి ఇంకో హిక్మత్ జోడించింది. పక్కపక్క బొమ్మలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఒక బొమ్మను పూర్తిగా రాసి, తర్వాతి వాటిలో మారినది మాత్రమే రాయడం. ఎంపెగ్-1 వీసీడీకి వెళ్లింది. 1994లో ఖరారైన ఎంపెగ్-2 డీవీడీకి వెళ్లింది. తోషిబా పక్షం ఒకవైపు, సోనీ-ఫిలిప్స్ పక్షం ఒకవైపు రెండు రకాల డిస్కులతో తలపడబోయి, బీటామ్యాక్స్ జగడం మళ్లీ వద్దనుకుని 1995లో ఒకే డిస్కుకు ఒప్పుకున్నాయి. 1996 చివర్లో జపాన్‌లో డీవీడీ అమ్మకానికి వచ్చింది. అది పాల్‌లో 720×576 బొమ్మను, రెండు ఫీల్డులనూ తీసుకుంటుంది. వీడియోకు సెకనుకు 9.8 మెగాబిట్ల దాకా ఇస్తుంది.

ఇక్కడే చాలామంది, నేను కూడా, ఒక ఘలతీ చేస్తాం. డీవీడీలో ఉండేది ఎంపెగ్-2 కదా, క్యాసెట్‌ను నేరుగా ఎంపెగ్-2లోనే క్యాప్చర్ చేస్తే పని ఐపోతుంది అనుకుంటాం. మంజిల్ వేరు, సామాను మోసే బండి వేరు. క్యాప్చర్‌కు ఉన్న దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది ఆ నేరుగా ఎంపెగ్-2 దారి. గంటకు సుమారు మూడున్నర గిగాబైట్లు. త్వరగా ఐపోతుంది. క్యాసెట్‌లో ఏమీ కత్తిరించకుండా, సరిచేయకుండా, ఉన్నదున్నట్టు డిస్క్ మీద వేయాలంటే, సెకనుకు 8 మెగాబిట్లు ఇస్తే, ఇది బాగానే పని చేస్తుంది. కానీ అందులో చాలా బొమ్మలు పక్క బొమ్మల మీద ఆధారపడి ఉంటాయి. మధ్యలో కోయాలన్నా, రంగు సరిచేయాలన్నా విప్పి మళ్లీ కుదించాలి. నకలుకు నకలు. ప్రతిసారీ కత్తెర పడుతుంది.

రెండోది డీవీ. 1995లో చిన్న క్యామ్‌కార్డర్లతో వచ్చింది. సెకనుకు 25 మెగాబిట్లు, గంటకు 13 గిగాబైట్లు. ప్రతి బొమ్మా విడిగా ఉంటుంది, ఎక్కడ కోసినా ఇబ్బంది లేదు. పాత డీవీ క్యామ్‌కార్డర్ ఇంట్లో ఉంటే కొన్ని మోడళ్లు వీసీఆర్ నుంచి వచ్చే బొమ్మను డీవీగా మార్చి ఫైర్‌వైర్ తీగ గుండా కంప్యూటర్‌కు పంపుతాయి. పాత షాదీ ఎడిటింగ్ షాపుల్లో ఎక్కువగా నడిచింది ఇదే. మనలాంటి ఇళ్లకు ఇది మధ్యే మార్గం.

మూడోది నష్టం లేని ఏవీఐ. ఏవీఐ అనేది మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చిన డబ్బా మాత్రమే. లోపల ఏముందన్నది కోడెక్ మీద ఉంటుంది. హఫ్‌వైయూవీ అనే కోడెక్‌ని బెన్ రుడియాక్-గౌల్డ్ అనే ప్రోగ్రామర్ రాసి జనానికి ఉచితంగా ఇచ్చాడు. 1952లో డేవిడ్ హఫ్‌మన్ కనిపెట్టిన పద్ధతి దానికి ఆధారం. తరచూ వచ్చే సంఖ్యలకు పొట్టి గుర్తులు, అరుదుగా వచ్చేవాటికి పొడుగు గుర్తులు ఇస్తుంది. ఇందులో కత్తెర లేదు. మడత మాత్రమే ఉంది. విప్పితే లోపలికి వెళ్లిన ప్రతి చుక్కా తిరిగి వస్తుంది. గంటకు 30 గిగాబైట్లు అటూ ఇటూ అవుతుంది. 2008లో అంత జాగా మాకు అందని మాట. ఇప్పుడు షాదీకి కొనే ఒక జత చెప్పుల ధరకు అంతకంటే ఎక్కువ జాగా దొరుకుతుంది.

నేను మొదట చవక యూఎస్‌బీ డబ్బా కొని, అది ఇచ్చిన ఎంపెగ్-2నే తీసుకున్నా. సెట్టింగ్ చూడలేదు. అది మూడు గంటలూ ఒకే డిస్క్‌లో పట్టేలా సెకనుకు మూడున్నర మెగాబిట్లు మాత్రమే వాడింది. పాత టేపులో పొడిలా కదిలే రవ్వలు ఎక్కువ. ఎంపెగ్‌కు రవ్వ ఏదో, ముఖం ఏదో తెలియదు. మారుతున్నదంతా రాయాలని చూస్తుంది. బిట్లన్నీ రవ్వలకే ఖర్చైపోయి ముఖాలకు మిగలలేదు. గొంతు కూడా గంట దాటేసరికి పెదాల వెనక పడింది. వణికే టేపు వల్ల కొన్ని బొమ్మలు జారిపోయాయి, ధ్వని మాత్రం ఆగకుండా నడిచింది.

వీడియో మిక్సింగ్ చేసే దోస్త్ ఒకడు నన్ను ఆపాడు. "ముందు అంతా తీసుకో. ఏం తీసేయాలో తర్వాత ఆలోచిద్దాం" అన్నాడు. మంచి వీసీఆర్ ఒకటి అడిగి తెచ్చాడు, హెడ్‌ను శుభ్రం చేశాడు. వణుకును సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్‌ను మధ్యలో పెట్టాడు. హఫ్‌వైయూవీలో, 720×576లో, రెండు ఫీల్డులతో, 48 కిలోహెర్ట్జ్ ధ్వనితో తీసుకున్నాం. వంద గిగాబైట్లకు దగ్గరైంది. ఒక్క బొమ్మా జారలేదు.

తర్వాత ఆ ఫైల్ నుంచి డీవీడీ చేశాం. మూడు గంటలను ఒకే డిస్క్‌లో కుక్కకుండా రెండు డిస్కులకు పంచాం. గంటన్నర చొప్పున ఒక్కో డిస్క్‌కు సెకనుకు ఆరున్నర మెగాబిట్ల పైనే దొరికాయి. ఒకే డిస్క్‌లో కావాలనుకునేవాళ్లకు ఇంకో మాట. డీవీడీ 352×576 కొలతను కూడా ఒప్పుకుంటుంది. వీహెచ్‌ఎస్‌లో అడ్డం వివరం ఎలాగూ తక్కువే కాబట్టి పెద్దగా పోయేదేమీ ఉండదు, బిట్లు ఆదా అవుతాయి. కోయకూడనిది నిలువు 576. ఫీల్డుల వరుస కూడా చూసుకోవాలి. డీవీలో కింది ఫీల్డ్ ముందు వస్తుంది, చాలా క్యాప్చర్ కార్డుల్లో పై ఫీల్డ్ ముందు. తలకిందులైతే బరాత్ మొత్తం ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు వేస్తూ వణుకుతుంది. షికాగోలో ఉన్న ఖాలా కొడుక్కి మాత్రం డిస్క్ పంపలేదు. అక్కడి చాలా డీవీడీ ప్లేయర్లు మన పాల్ డిస్క్‌ను ఆడించవు. అతనికి ఫైలే పంపాం.

అమ్మీ ముందు డిస్క్ పెట్టిన సాయంత్రం ఇంట్లో అందరం ఉన్నాం. సాంచక్, మెహందీ నవ్వుకుంటూ చూశాం. ఇప్పుడు లేనివాళ్లను అమ్మీ వేలు పెట్టి లెక్కపెట్టింది. రుఖ్సతీ దగ్గర తెర మీద తెల్లటి గీతలు మొదలయ్యాయి. ఎంత మంచి క్యాప్చర్ చేసినా అవి పోలేదు. దోస్త్ కారణం ముందే చెప్పాడు. వీసీఆర్‌లో హెడ్ ఉన్న డోలు నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. పాజ్ నొక్కితే టేపు ఆగుతుంది గానీ డోలు ఆగదు. అదే చోట మళ్లీ మళ్లీ రాసుకుంటుంది. అక్కడి పూత అరిగిపోతుంది. "ఎవరో ఇక్కడ చాలాసార్లు ఆపి చూశారు. సాఫ్ట్‌వేర్‌తో ఈ గీతలు తుడిచేయమంటావా?" అని అడిగాడు.

ఆపి చూసింది ఎవరో నాకు తెలుసు. వద్దన్నాను.

ఆ గీతల వెనక అమ్మీ ఉంది. ఆపా కారెక్కుతోంది, అమ్మీ ఒక్క క్షణం కెమెరా వైపు తిరిగి ఏదో అంటోంది. బ్యాండ్ మోతలో మాట వినబడదు. వీసీడీలో ఆ ముఖం మైనపు ముద్ద. ఇన్నేళ్లూ అమ్మీ అక్కడ మాట్లాడుతోందని కూడా మేం కనిపెట్టలేదు. ఇప్పుడు పెదాలు కదలడం కనిపిస్తోంది.

"అమ్మీ, అబ్బాకు ఏం చెప్పావు?" అని అడిగాను.

అమ్మీ రిమోట్ ఎత్తి పాజ్ నొక్కింది. చాలాసేపు చూసింది.

"యాద్ నై బేటా. తుమ్హారే అబ్బా కో మాలూమ్ థా" అంది.

అబ్బా 2016లో అల్లాకు ప్యారా అయ్యాడు. ఆ ఏడాది జులైలోనే జపాన్‌లో ఫునాయ్ కంపెనీ వీసీఆర్ల తయారీ ఆపేసింది. వీసీఆర్లు చేస్తూ మిగిలిన చివరి కంపెనీ అదే. 2019లో యునెస్కో ప్రపంచమంతటికీ ఒక హెచ్చరిక పంపింది. ఆడించే యంత్రాలు, విడిభాగాలు దొరకకుండా పోతున్నాయి, 2025 తర్వాత టేపుల్లో ఉన్నదాన్ని బయటకు తీయడం చాలా కష్టమవుతుందని. అది ఆర్కైవులకు రాసింది. కానీ గల్ఫ్‌కు ఎవరినైనా పంపిన ప్రతి ఇల్లూ ఒక చిన్న ఆర్కైవే.

కాబట్టి మీ అల్మారా తెరవండి. బూజు పట్టిన క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టకండి, ముందు తెలిసినవాళ్లకు చూపించండి. షాపులో ఇస్తే "ఏ ఫార్మాట్‌లో క్యాప్చర్ చేస్తారు, ఆ అసలు ఫైల్ నాకు ఇస్తారా" అని అడగండి. వీలైతే నష్టం లేని ఏవీఐ, లేదంటే డీవీ. రెండూ కుదరకపోతే 8 మెగాబిట్లకు తగ్గని ఎంపెగ్-2. డీవీడీ పెద్దవాళ్ల చేతికి. అసలు ఫైల్ రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, వీలైతే రెండు వేర్వేరు ఇళ్లల్లో. ఇంట్లో కాల్చిన డిస్కుల మీద జిందగీ మొత్తం భరోసా పెట్టకండి. వాటి రంగు పొర కూడా ఏళ్లు గడిస్తే పాడవుతుంది.

మా ఇంట్లో ఒక డిస్క్ ఆపా దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి. క్యాసెట్‌ను పారేయలేదు. దస్తీలో చుట్టి, అబ్బా పెట్టిన చోటే, ఆయన పాస్‌పోర్ట్ పక్కన పెట్టాను.